సాయంత్రం చేతులకి, పగలు నిర్ణయాలకి: ఆటమ్‌లో ఒక ఇల్లు, ఒక క్రోషే దుప్పటి

ఇల్లు, పిల్లలు, ఉద్యోగం వీటి మధ్యలోనే చేతిపని కూడా కావాలి అనుకునేవాళ్ళతో ఒక సీజన్ పాటు కూర్చుని ప్లాన్ చేయడం నా పని, క్రోషే (ఒక్క హుక్‌తో ఊలు అల్లడం), కుట్లు, ఆకులతో చేసే అలంకరణలు నేర్పిస్తా కూడా. నా దగ్గరకొచ్చే చాలామంది మొదట చెప్పే మాట టైమ్ లేదు అని. ఈ కేసు పూర్తిగా ఎందుకు రాస్తున్నానంటే ఇక్కడ టైమ్ ఉంది, ఉన్నా పని సాగలేదు, ఎందుకు సాగట్లేదో చూస్తే అడ్డం వేరే చోట దొరికింది. పని సాగడానికి మాకు పనికొచ్చింది కూడా ఆ సీజనే, ఆటమ్‌లో, అంటే ఆకులు రాలే కాలంలో, పగలు కురచైపోవడం. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు తీసేశా, ఆవిడ అనే అంటా.

ఇంటి పరిస్థితి

ఆవిడకి ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది ఉంటాయి. ఇంటి నుంచే ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నోడికి నాలుగు. భర్తది షిఫ్టుల ఉద్యోగం, అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. ఆకులు రంగు మారడం మొదలవ్వగానే ఆవిడకి చేతులు ఊరుకోవు, ఊలు కొంటుంది, ఆకులు ఏరుకొస్తుంది, ఎంబ్రాయిడరీ రింగు బయటికి తీస్తుంది, తమ్ముడికి మఫ్లర్ అంటుంది, తలుపుకి దండ అంటుంది, సోఫా మీదకి దుప్పటి అంటుంది, ఇవన్నీ ఒకే రెండు వారాల్లో మొదలవుతాయి. డిసెంబర్ వచ్చేసరికి అన్నీ సంచుల్లోకి వెళ్ళి మంచం కిందకి చేరతాయి. మధ్యలో డైనింగ్ టేబుల్ సగం ఊలు ఉండలతోనే ఉంటుంది కాబట్టి భోజనాల దగ్గర రోజూ సణుగుడు, ఆవిడకేమో ఒక్కటీ పూర్తి చేయలేకపోయానన్న దిగులు.

ఆవిడ అడిగింది సూటిగా, "నాకు రోజుకి ఇంకో గంట ఎక్కడి నుంచైనా తీసివ్వండి, చాలు." ఇంకో గంట వెతికే ముందు ఉన్న గంట ఏమవుతోందో చూద్దామండి అన్నా.

చూస్తే ఏం తేలింది

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోమన్నా. సాయంత్రం పనితో కూర్చున్న టైమ్, మొదటి కుట్టు పడిన టైమ్, లేచిన టైమ్, ఎందుకు లేచారు, ఈ నాలుగే రాయాలి, బాగా చేశానా లేదా లాంటివి రాయకూడదు. వారం తర్వాత చూస్తే పిల్లలు పడుకున్నాక వారానికి నాలుగు సాయంత్రాలు, ఒక్కోటి దాదాపు 40 నిమిషాలు ఖాళీ దొరుకుతోంది. కానీ కూర్చున్న టైమ్‌కీ మొదటి కుట్టుకీ మధ్య ఇంచుమించు 20 నిమిషాలు పోతోంది. ఏ రంగు తీయాలి, హుక్ ఎక్కడ పెట్టా, ప్యాటర్న్ కోసం ఫోన్ తీస్తే అందులో వేరే మెసేజ్, నిన్న చేసిన రంగు నచ్చక విప్పడం, అసలు ఇవాళ దుప్పటి చేద్దామా మఫ్లర్ చేద్దామా. సగం సాయంత్రం అలా పోయి పట్టుమని రెండు వరసలు పడకుండానే నిద్రొచ్చేస్తోంది.

అంటే పోతున్నది టైమ్ కాదు, నిర్ణయాలు. ఇది నాకు ఈ ఒక్క ఇంట్లోనే కనిపించిన సంగతి కాదు, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెప్తా. సోషియాలజిస్ట్ అలిసన్ డామింజర్ 2019లో అమెరికన్ సోషియలాజికల్ రివ్యూలో ఒక పేపర్ రాశారు, ఇంట్లో కంటికి కనపడని ఆలోచన పనిని నాలుగు ముక్కలు చేసి చూపించారు: ముందే ఊహించడం, ఏమేం దారులున్నాయో వెతకడం, నిర్ణయించడం, అయ్యిందా లేదా అని చూసుకోవడం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలు కాస్త కలిసే ఉంటారు గానీ మొదటిదీ చివరిదీ, అంటే ఊహించడం, చూసుకోవడం, ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయని ఆ ఇంటర్వ్యూల్లో తేలింది. ఈవిడ రోజంతా చేసేది అదే. చిన్నోడి స్వెటర్ పొట్టైందా, అత్తగారి మందులు ఎప్పటికి అయిపోతాయి, స్కూల్ నోటీసు ఎవరు చదివారు, చలి మొదలైతే ట్రంకులో దుప్పట్లు ఎప్పుడు ఎండేయాలి. అలాంటి రోజు అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకి ఊలు బుట్ట తీస్తే అది కూడా అవే నాలుగు అడుగుతోంది, ఊహించు, వెతుకు, నిర్ణయించు, చూసుకో. ఇష్టమైన పనే, అయినా ఆ వేళకి తలలో చోటు లేదు.

చేతిపని ఒత్తిడి తగ్గిస్తుందని అందరూ అంటారు, నేనూ నమ్ముతా. ఆర్ట్ థెరపీ పరిశోధకురాలు గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన స్టడీలో 39 మంది వయోజనులు 45 నిమిషాలు బొమ్మలు గీయడం, మట్టి, కొలాజ్ లాంటివి చేశాక దాదాపు 75 శాతం మందిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గింది. కానీ అక్కడ సామాన్లు వాళ్ళకి అందించారు, ఫలానాదే చేసి చూపించాలన్న బరువు లేదు. మనింట్లో ఆ సామాన్లు మనకి ఎవరు అందిస్తారు? ఈ కేసులో నా ప్లాన్ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడింది. శనివారం పగటి పూట ఉన్న ఆవిడే మంగళవారం రాత్రి ఉన్న ఆవిడకి సామాన్లు అందించాలి.

వెలుతురు చెప్పిన విభజన

ఉత్తరార్ధగోళంలో సెప్టెంబర్ 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ ఇంచుమించు సమానం, అక్కడి నుంచి డిసెంబర్ 21, 22 దాకా పగలు తగ్గుతూనే పోతుంది, భూమధ్యరేఖకి ఎంత దూరంగా ఉంటే అంత తొందరగా తగ్గుతుంది. దక్షిణార్ధగోళంలో ఇదే మార్చి నుంచి జూన్ దాకా. అంటే ఆటమ్ సాగే కొద్దీ సాయంత్రం పని అంతా బల్బు కిందే. బల్బు కింద రంగు ఎంచుకోవడం అంత తలనొప్పి ఇంకోటి లేదు. రెండు రంగుల ఊలు పసుపు లైట్ కింద ఒకేలా కనపడి ఎండలో వేరుగా కనపడటం మామూలే, దాన్ని మెటామెరిజం అంటారు, ఒక్కో రంగు ఒక్కో వెలుగుని ఒక్కోలా తిప్పి పంపిస్తుంది కాబట్టి. ఇక ముదురు నీలం, నలుపు, ముదురు గోధుమ అయితే మసక లైట్‌లో ఎవరికైనా ఒకటే. ఆవిడ రాత్రి వేసి పొద్దున్న విప్పిన వరసల్లో చాలావరకు ఈ బాపతే.

కాబట్టి రూల్ ఇలా పెట్టుకున్నాం. రంగు ఎంచుకోవడం, కొలవడం, కత్తిరించడం, ప్యాటర్న్ చదవడం, నల్ల దారంతో ఏ పనైనా, ఇవన్నీ పగలు, శనివారం పొద్దున కిటికీ పక్కన, గంట చాలు. సాయంత్రం చేతులు మాత్రమే, ముందే అనుకున్నది వేసుకుంటూ పోవడం. రాత్రి ఏదైనా నిర్ణయం ఎదురైతే ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టాలి, తేల్చకూడదు, శనివారానికి వాయిదా. ఇది వినడానికి చిన్నగా ఉంది గానీ ఆవిడకి మొదట్లో చాలా కష్టమైంది, ఎందుకంటే రంగు నచ్చకపోతే వెంటనే విప్పేయడం అలవాటు.

లైట్ కూడా మార్పించా. హాల్లో ఉన్నవి 2700 కెల్విన్ పసుపు బల్బులు, అవి హాయిగా ఉంటాయి, వాటిని కదపలేదు. పని దగ్గరకి మాత్రం సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్న ఒక క్లిప్ ల్యాంప్, కుడిచేత్తో చేసేవాళ్ళు కాబట్టి ఎడమ వైపు నుంచి, లేకపోతే చేతి నీడ కుట్టు మీదే పడుతుంది.

దుప్పటి లెక్క

ఇక్కడే అసలు మార్పు జరిగింది కాబట్టి వివరంగా రాస్తా. ఆవిడ మొదట అనుకున్న దుప్పటి 120 × 100 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్ల గ్రానీ స్క్వేర్లతో (మధ్య నుంచి చుట్టూ రౌండ్లుగా అల్లే చదరపు ముక్కలు), ఒక్కోదాంట్లో మూడు రంగులు. చూడ్డానికి చిన్న స్క్వేర్ అంటే తేలిక, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 120 స్క్వేర్లు. మూడు రంగులంటే ఒక్కోదానికి ఆరు కొసలు, మొత్తం 720 కొసలు సూదితో లోపలికి దాచాలి. స్క్వేర్లని కలిపే అంచులు 218, ఒక్కోటి 10 సెంటీమీటర్లు, అంటే దాదాపు 21.8 మీటర్ల కుట్టు. ఆవిడ చేతి వేగం ఫోన్ టైమర్ పెట్టి చూశాం, స్క్వేర్ 10 నిమిషాలు, ఒక్కో కొసకి నిమిషంన్నర, కలిపే కుట్టు గంటకి రెండు మీటర్లు. అంటే అల్లడానికి 20 గంటలు, కొసలకే 18 గంటలు, కలపడానికి 11 గంటలు. ఆ 18 గంటల సంగతి ప్యాటర్న్‌లో ఎవరూ రాయరు, మంచం కింద సంచుల్లో ఉన్నవాటిలో సగం అక్కడే ఆగిపోయినవి.

మొత్తం 49 గంటలు, అదీ అన్నీ సవ్యంగా జరిగితే. సవ్యంగా జరగదు కదా. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే సైకాలజిస్టులు 1994లో థీసిస్ రాస్తున్న స్టూడెంట్స్‌ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారో అడిగితే సగటున 33.9 రోజులన్నారు, నిజంగా పట్టింది 55.5 రోజులు. ఆ నిష్పత్తి దాదాపు 1.6. అది థీసిస్ లెక్క, దుప్పటి లెక్క కాదు, కానీ ఇంట్లో చేసే పనికి నేను ఏ అంచనానైనా 1.6తో హెచ్చవేసే చూస్తా, ఇప్పటిదాకా ఎక్కువైందని ఎవరూ అనలేదు. 49ని 1.6తో వేస్తే 78 గంటలు. ఆవిడ దగ్గరున్నది 13 వారాలు, వారానికి 160 నిమిషాలు, 35 గంటల లోపే.

ఈ అంకెలు కాగితం మీద పక్కపక్కన పెట్టినప్పుడు ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే నేను బద్ధకిస్తున్నాననుకున్నదంతా..." అని ఆగిపోయారు. అవునండి, లెక్కే కుదరలేదు, మీలో లోపం లేదు అన్నా. ఎన్నో ఏళ్ళ దిగులు అది, ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

మార్చింది ఇలా. స్క్వేర్ 20 సెంటీమీటర్లు, ఆవిడ వాడే డీకే (మధ్యస్థ మందం) ఊలు, 4 మిల్లీమీటర్ల హుక్‌తో 9 రౌండ్లు పడతాయి. గ్రానీ స్క్వేర్‌లో మొదటి రౌండ్‌కి 4 కుట్ల గుంపులు, ప్రతి రౌండ్‌కీ ఇంకో 4 పెరుగుతాయి, తొమ్మిదో రౌండ్‌కి 36, మొత్తం 180 గుంపులు. మూడేసి రౌండ్లకి ఒక రంగు. సైజు కూడా తగ్గించాం, 100 × 80, అంటే 5 వరసలు, 4 నిలువులు, 20 స్క్వేర్లు. కొసలు 120. కలిపే అంచులు 31, అంటే 6.2 మీటర్లు. ఒక్కో స్క్వేర్ 45 నిమిషాలు, అల్లడానికి 15 గంటలు, కొసలకి 3, కలపడానికి 3, చుట్టూ బోర్డర్‌కి 1, మొత్తం 22. దాన్ని 1.6తో వేస్తే 35. మన దగ్గరున్నది అంతే. కాళ్ళ మీద వేసుకోడానికి ఆ సైజు హాయిగా సరిపోతుంది.

పెద్ద స్క్వేర్ వల్ల గంటలు మిగలడం ఒక లాభం, ఇంకో లాభం నాకు అంతకంటే ముఖ్యం. చిన్న స్క్వేర్ అంటే ఎప్పుడూ మొదలుపెడుతూనో ముగిస్తూనో ఉంటాం, ముడి వేయి, రంగు మార్చు, తెంచు. పెద్దదాంట్లో బయటి రౌండ్లు పొడుగ్గా, ఒకేలా, ఆలోచన లేకుండా సాగుతాయి, పక్కన ఎవరితోనైనా మాట్లాడుతూ చేయొచ్చు. అలిసిపోయిన తలకి కావాల్సింది ఆ పొడుగు రౌండ్లే.

ఇంకో సంగతి. ఆ 180 గుంపుల్లో లోపలి మూడు రౌండ్లవి 24, మధ్యవి 60, బయటివి 96. అంటే సగానికి పైగా ఊలు బయటి రంగుకే పోతుంది. కాబట్టి బయటి రంగు అన్నిటికీ ఒకటే పెట్టాం, మీగడ తెలుపు, లేబుల్ మీద డై లాట్ (ఒకే విడతలో రంగు వేసిన ఊలు) నంబర్ ఒకటే ఉన్న ఉండలు ఒకేసారి కొనిపించా, వేరే లాట్ అయితే అదే రంగు పేరుతో కొంచెం తేడాగా వస్తుంది, దుప్పటి మధ్యలో చారలా తెలిసిపోతుంది. లోపలి 24 గుంపులకి పాత సంచుల్లో మిగిలిన ముక్క ఊలంతా పనికొచ్చింది. బయట అంతా ఒకే రంగు అవ్వడంతో ఏ స్క్వేర్ ఏ స్క్వేర్ పక్కన రావాలి అనే బెంగ కూడా పోయింది, ఎలా పేర్చినా బాగుంటుంది.

శనివారం కిటికీ దగ్గర నాలుగు జిప్ పౌచ్‌లు, ఒక్కోదాంట్లో ఒక స్క్వేర్‌కి సరిపడా మూడు రంగులు. మొదటి స్క్వేర్ వేసేటప్పుడు ఒక్కో రంగు ఉండని ముందూ తర్వాతా కిచెన్ స్కేల్ మీద తూచాం, తర్వాత అన్నీ అంతే తూచి కొంచెం ఎక్కువ వేయడం. హుక్, చిన్న కత్తెర, కుట్టుకి గుర్తు పెట్టే మార్కర్ సోఫా పక్కన ఒక డబ్బాలో, అవి ఆ చోటు దాటవు. ఒక సాయంత్రానికి దాదాపు ఒక స్క్వేర్, ఒక పౌచ్. కొసలు కూడా చివరి దాకా వాయిదా వేయకుండా, రంగు మారినప్పుడు 15 సెంటీమీటర్లు వదిలి కొంత కుట్ల కిందే కలుపుకుపోయి, స్క్వేర్ అవ్వగానే సూదితో వెనక్కి ఒకసారి తిప్పడం. వెనక్కి తిప్పకపోతే వాడకంలో ఊడొస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది కూడా రాత్రి తేల్చుకునే పని కాకూడదు. సైకాలజిస్ట్ పీటర్ గోల్‌విట్జర్ 1999 పేపర్‌లో చెప్పిన పద్ధతే, ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా అని ముందే కట్టేసుకోవడం. ఈవిడది, చిన్నోడి గదిలో లైట్ ఆపగానే పౌచ్ తీస్తా. గడియారం టైమ్ పెట్టలేదు, నాలుగేళ్ళ పిల్లాడు గడియారం చూసి నిద్రపోడు.

ఇంట్లో వాళ్ళు

భర్తతో కూడా కూర్చున్నా. మంచి మనిషి, కోపం ఏమీ లేదు, టేబుల్ ఖాళీగా ఉంటే చాలన్నారు. "నేను చేయనంటే కదండీ, ఏం చేయాలో చెప్తే చేస్తాగా" అన్నారు. ఆ చెప్పడమే ఒక పనండి అన్నా, డామింజర్ నాలుగు ముక్కలు కాగితం మీద గీసి చూపించా. చివరికి ఆయన పిల్లల పొద్దుటి తయారీ మొత్తం తీసుకున్నారు, బ్యాగులు, బట్టలు, స్కూల్ నోటీసులు చదవడం, రేపు ఏం కావాలో ఇవాళే చూడటం, అన్నీ. నా షరతు ఒకటే, ఆవిడ గుర్తు చేయకూడదు. మొదటి వారం పెద్దది ఆటల బూట్లు లేకుండా స్కూల్‌కి వెళ్ళింది, ఆవిడకి ముందురోజు రాత్రే తెలుసు, పళ్ళ బిగువున ఊరుకున్నారు. ఆ మర్నాటి నుంచి ఆయన నోటీసుల కోసం ఫోన్‌లో అలారం పెట్టుకున్నారు. ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే కష్టమైన పని ఆవిడ ఆ రాత్రి నోరు మెదపకుండా ఉండటమే అని నా అభిప్రాయం.

అత్తగారి సంగతి మేం ప్లాన్ చేసింది కాదు. కోడలు రాత్రి ఊలు తీస్తే అత్తగారికి నచ్చదని ముందు నాకు చెప్పారు. వెళ్ళి మాట్లాడితే తెలిసింది, పిల్లలు పడుకున్నాక ఆ ఒక్క టైమే కోడలు దగ్గర కూర్చునే టైమ్, ఇప్పుడు అదీ తల వంచుకుని పనిలోకి పోతోంది అని. అత్తగారికి చూపు తగ్గింది కాబట్టి కుట్లు వేయలేరు. ఒకరోజు అత్తగారే "ఆ ఊలు లచ్ఛి ఇటివ్వమ్మా, ఉండ చుట్టి పెడతా" అన్నారట. అప్పటి నుంచి లచ్ఛిల ఊలంతా అత్తగారే చుట్టారు, పొడుగు రౌండ్ల పుణ్యమా అని కోడలు తల ఎత్తి మాట్లాడగలుగుతోంది.

టేబుల్‌కి రెండు ట్రేలు, రాత్రి భోజనానికి ముందు ట్రేలు అలమరలోకి. అంతే.

ఆకుల పని

ఆకులు, దుప్పటి, మఫ్లర్, ఎంబ్రాయిడరీ అన్నీ ఒకేసారి వద్దు అన్నప్పుడు ఏది ఉంచాలో ఆవిడకి తెగలేదు. నేను అడిగింది ఒక్కటే, ఇది ఆటమ్‌తో పాటే పోతుందా, ఆగితే ఆగుతుందా? ఆకులు ఆగవు. ఊలు ఆగుతుంది. ఆకులు శనివారం పగటికి, పిల్లలకి. మఫ్లర్, ఎంబ్రాయిడరీ ఆ ఏడాదికి లేవు. మఫ్లర్ వదలడం ఆవిడకి నిజంగా బాధేసింది, తమ్ముడికి మాటిచ్చారు, నేను దాన్ని తేలిగ్గా తీసేయలేదు, తమ్ముడికి ఫోన్ చేసి వచ్చే ఏడు అని చెప్పించా.

ఆకులు ఆ రోజే రాలినవి, తడి లేనివి, మెత్తగా ఉన్నవి ఏరాలి, అప్పటికే చుట్టుకుపోయినవి పనికిరావు. నున్నటి పూత లేని మామూలు కాగితం మధ్య పెట్టి బరువైన పుస్తకాల కింద, మొదటి కొన్ని రోజులు కాగితం మారుస్తూ, రెండు వారాలకి ఆరతాయి. వంగేలా ఉండాలంటే ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు వంతులు నీళ్ళలో నాననివ్వాలి, కానీ రంగు ముదిరి గోధుమ వైపు పోతుంది, రంగు కావాలంటే ఒత్తి ఆరబెట్టడమే మేలు, నేరుగా ఎండ పడే చోట తగిలించకూడదు.

పెద్దది అడిగింది, ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది అని. పసుపు ఎప్పుడూ ఆకులోనే ఉంది, కెరోటినాయిడ్లు, పచ్చటి క్లోరోఫిల్ కింద కనపడకుండా. పగలు తగ్గేసరికి చెట్టు క్లోరోఫిల్ తయారుచేయడం ఆపేస్తుంది, ఉన్నది విరిగిపోతుంది, పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, అది ఆంథోసయనిన్, చాలా చెట్లలో ఆ రోజుల్లోనే ఆకులో ఉన్న చక్కెరల నుంచి కొత్తగా తయారవుతుంది. ఆ పిల్ల పసుపువి ఒక దండ, ఎరుపువి ఒక దండ విడివిడిగా గుచ్చింది, పాతవి కొత్తవి కలపకూడదంట. తలుపుకి చుట్టు దండ అనుకున్నది అలా రెండు కిటికీ దండలైంది.

నవంబర్‌లో ఆగిపోయినప్పుడు

నవంబర్‌లో ఇంటిల్లిపాదికీ జలుబు, జ్వరం. వారం పైన ఒక్క పౌచ్ కూడా కదల్లేదు. పాత ఏళ్ళలో పని సంచుల్లోకి పోయింది సరిగ్గా ఇలాంటి చోటే. ఈసారి రెండు ముందే ఉన్నాయి. ఒకటి, ఏ రాత్రయినా స్క్వేర్ పూర్తయ్యాక ఆపకూడదు, పొడుగు రౌండ్ మధ్యలో ఆపాలి, మళ్ళీ తీసినప్పుడు చెయ్యి దానంతటదే సాగేలా. రెండు, లేచే ముందు పౌచ్‌లో చిన్న చీటీ, తొమ్మిదో రౌండ్, రెండు మూలలయ్యాయి, ఇంకా రెండు, తర్వాత కొసలు. పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించినట్టు ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి పోతే మనసు కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది, చీటీ రాసేస్తే ఆ ముక్క కాగితం మోస్తుంది, ఆవిడ నిశ్చింతగా నిద్రపోవచ్చు. అది నా అనుభవం.

ఆవిడకి భయం, అలవాటు తెగిపోయిందని. అలవాట్ల మీద ఫిలిపా లాలీ బృందం చేసిన స్టడీలో ఒక అలవాటు కుదురుకోడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా, మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా కనపడింది. వారం అంటే ఒకరోజు కంటే ఎక్కువే, కానీ 35 గంటల్లో ఆ వారం ముందే లెక్కలో ఉంది కదా, 1.6 వేసింది అందుకే. చీటీ చదివి, పౌచ్ తీసి, రెండు మూలలు పూర్తి చేశారు.

మధ్యలో ఆవిడ సొంతంగా పొద్దున్నే లేచి చేద్దామని చూశారు. కొన్ని రోజులకే నిద్ర చాలక రోజంతా చిరాకు, ఆపేశారు, ఆపమనే నేనూ చెప్పా. సాయంత్రం కూడా 40 నిమిషాలకి అలారం, మధ్యలో ఒకసారి మణికట్టు, వేళ్ళు చాపి తిప్పడం, క్రోషేలో ఒకే కదలిక వేలసార్లు కాబట్టి నొప్పి వచ్చాక చూద్దాం అనుకోకూడదు.

ఏం అయ్యింది, ఏం కాలేదు

నవంబర్ చివరికి 20 స్క్వేర్లు. డిసెంబర్‌లో కలపడం, కలిపే కుట్టు మీగడ తెలుపు మీద మీగడ తెలుపే కాబట్టి రాత్రి లైట్ కింద కూడా చేయగలిగారు. బోర్డర్ వేయలేదు, టైమ్ ఉన్నా వద్దనుకున్నారు, అలాగే బాగుంది అన్నారు, నాకూ అలాగే నచ్చింది. తడిపి, చాపి, కొలతకి పిన్నులు పెట్టి ఆరబెట్టాక అంచులు చక్కగా కూర్చున్నాయి. నోట్‌బుక్‌లో కూర్చున్న టైమ్‌కీ మొదటి కుట్టుకీ మధ్య తేడా రెండు మూడు నిమిషాలకి వచ్చింది. అసలు కూర్చోని సాయంత్రాలు చాలానే ఉన్నాయి, ఇంకో గంట ఎక్కడి నుంచీ రాలేదు.

ఒక విషయంలో మాత్రం ప్లాన్ మార్చాల్సొచ్చింది. మూడో నాలుగో వారంలో ఆవిడ చెప్పారు, పని సాగుతోంది గానీ అప్పటికప్పుడు రంగు ఎంచుకునే సరదా పోయింది అని. అది చిన్న ఫిర్యాదు కాదు, చాలామందికి చేతిపనిలో ప్రాణం అక్కడే ఉంటుంది. అందుకే శుక్రవారానికి ఒక ఫ్రీ పౌచ్ పెట్టాం, ముక్క ఊలు, ఏ ప్లానూ లేదు, ఏం వచ్చినా సరే, పూర్తవ్వకపోయినా సరే. అందులోంచి పిల్లలకి చిన్న పువ్వులు వచ్చాయి, కొన్ని ఏమీ కాలేదు.

ఈ పద్ధతి అందరికీ పెట్టను. నెలల పాప ఉన్న ఇంట్లో 40 నిమిషాలు అనే లెక్కే నిలబడదు, అక్కడ ఐదు నిమిషాల ముక్కలుగా, చేతిలోంచి జారినా విడిపోని పని చూడాలి, క్రోషే అయితే ఒక్క కుట్టే హుక్ మీద ఉంటుంది కాబట్టి రెండు సూదుల అల్లిక కంటే నయం. ఉద్యోగంలో రోజంతా ఒకే పని చేసి, ఏదో ఒకటి తామే నిర్ణయించుకోవాలని ఆకలిగా ఉన్నవాళ్ళకి సరిగ్గా తిరగేసి పెడతా, సాయంత్రం రంగులు వాళ్ళ ముందు పోసి, ప్లాన్ లేకుండా. ఇంట్లో ఒక్కరూ ఏ పనీ పూర్తిగా తీసుకోని చోట పౌచ్‌ల దగ్గర మొదలుపెట్టను, ముందు ఆ నాలుగు ముక్కల కాగితం.

ఆవిడ వచ్చే ఆటమ్‌కి మొదట అనుకున్న 120 × 100 సైజే కావాలంటున్నారు, పెద్ద స్క్వేర్లతోనే. 30 స్క్వేర్లు, 180 కొసలు, 9.8 మీటర్ల కుట్టు, బోర్డర్‌తో కలిపి 33 గంటలు, 1.6 వేస్తే 53. ఆవిడ వేగానికి అది 20 వారాలు, సీజన్ 13. అందుకని 30 స్క్వేర్ల లోపలి మూడు రౌండ్లు, ఒక్కోటి ఆరు నిమిషాల పని, పగలు పొడుగ్గా ఉండే ఎండాకాలంలో పిల్లలు బయట ఆడుకునేటప్పుడు చేసి పెట్టుకోమన్నా. అయినా మూడు గంటలే తగ్గుతాయి కాబట్టి ఆగస్టు మొదటికల్లా మొదలుపెట్టాలి, ఆ మాట ఆవిడ భర్త క్యాలెండర్‌లో రాశారు.